నాలుగు వందల తొంభై ఎనిమిది

కాహల్ స్కలీకి నాలుగో తరగతిలో తీసివేతలు నేర్పింది నేనే. వాడు నేర్చుకోలేదు. పలక మీద లెక్క వేసిస్తే కిటికీలోంచి మైదానం వైపు చూస్తూ కూర్చునేవాడు, అడిగితే నోటికొచ్చిన అంకె చెప్పేవాడు.

పదహారేళ్లప్పుడు ఇంగ్లండులో ఒక పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బు పిలిచింది. మా డ్రమ్‌కోరన్ ఊరంతా బస్సు దగ్గరికి వెళ్లి సాగనంపింది. ఫాదర్ పవిత్రజలం చల్లాడు. వానలో నిలబడి నేనూ చెయ్యి ఊపాను, దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆ పెద్ద క్లబ్బు వాణ్ణి ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండా మూడేళ్లకు వదిలించుకుంది. తర్వాత పద్నాలుగేళ్లు మూడో డివిజను, నాలుగో డివిజనులో తొమ్మిది క్లబ్బులు తిరిగాడు. వాళ్లమ్మ ఫిలమీనా మాత్రం మాంసం కొట్టు దగ్గర వరసలో నిలబడి "మావాడు ఇంగ్లండులో ఆడుతున్నాడు" అనేది. ఏ ఊళ్లో అని అడిగితే మాట మార్చేది.

ముప్ఫై మూడేళ్లకు తిరిగొచ్చి మా టౌన్ క్లబ్బులో డిఫెండరుగా చేరాడు. వస్తూ వస్తూ ఇంగ్లండు యాస ఒకటి వెంట తెచ్చుకున్నాడు. గడ్డి బాగాలేదంటాడు, టీ బాగాలేదంటాడు, "ఇంగ్లండులో అయితేనా" అని మొదలుపెడతాడు. ఇంగ్లండులో సగం కాలం బెంచీ మీద కూర్చున్న మనిషికి గడ్డి సంగతి ఏం తెలుస్తుందో నాకు అర్థం కాదు. ముప్ఫై ఆరు వచ్చేసరికి కాళ్లు పూర్తిగా మొరాయించాయి. ఎదుటి జట్టు వాడు వీణ్ణి ఒకసారి దాటి, సరదాకి వెనక్కొచ్చి ఇంకోసారి దాటేవాడు.

అయినా ప్రతి వారం ఆడించారు. ఎందుకంటే అయిదు వందల మ్యాచ్‌లు పూర్తి కావాలట. ఈ అయిదు వందల గొడవ ఏప్రిల్‌లో మొదలైంది. జట్టు మేనేజరు కాహల్ వాళ్లింటికి వెళ్లి, ఫిలమీనా పేపరు ముక్కలు అంటించుకున్న నోటుబుక్కు చూసి, ఇంగ్లండులో మూడు వందల తొంభై ఒకటి, ఇక్కడ ఎన్నో, మొత్తం కలిపి అక్టోబరు చివరి మ్యాచ్‌కి అయిదు వందలు అవుతాయని తేల్చాడు. ఆ మ్యాచ్‌తో కాహల్ ఆట మానేస్తాడని ఊరంతా చాటారు. మాది పది జట్ల డివిజను, మేము తొమ్మిదో స్థానంలో ఉన్నాం. మా కింద ఇంకో డివిజనే లేదు కాబట్టి ఓడిపోయినా ఎవరికీ బాధ లేదు.

నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా గేటు దగ్గర అమ్మే మ్యాచ్ పుస్తకం రాస్తున్నది నేను. ఎవరు ఏ నిమిషంలో దిగారో, ఎవరి పళ్లు ఎప్పుడు రాలాయో నా దగ్గర ఉంటుంది. అలాంటి నన్ను వదిలేసి ఫిలమీనా జిగురు పుస్తకాన్ని నమ్మారు. ఒళ్లు మండింది.

పైగా ఆగస్టులో మా క్లబ్బు ఛైర్మన్ ఫిన్‌బార్ దొలాన్ టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు. ఆయనది ఇనుప సామాను దుకాణం.

"టీచర్, వచ్చే ఏడాది నుంచి పుస్తకం ఆపేద్దామనుకుంటున్నాం. నూట యాభై వేస్తే అరవై కూడా పోవట్లేదు. అందరూ ఫోనుల్లోనే చూసుకుంటున్నారు."

"మీ ఇష్టం," అన్నాను. ఆగాల్సిన చోట ఆగడం నాకు తెలుసు. స్కలీ లాగా చూరు పట్టుకుని వేలాడటం నాకు చేతకాదు.

అందుకని నా ఆఖరి పుస్తకంలో నిజం రాశాను. కాహల్ స్కలీ, ఈ మ్యాచ్‌తో కలిపి: నాలుగు వందల తొంభై ఎనిమిది. గోల్స్ ఈ క్లబ్బు తరఫున: సున్నా. వీడ్కోలు కేకు మీద అయిదు వందలు అని చక్కెరతో రాయిస్తున్నారని మంగళవారమే తెలిసింది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. నన్ను అడగని వాళ్లకు నేనెందుకు చెప్పాలి?

శనివారం మధ్యాహ్నం మ్యాచ్‌కి గంట ముందు టీ గదిలో శాండ్‌విచ్ తింటుంటే వాడు లోపలికొచ్చాడు. ఒంటి మీద జెర్సీ, కాళ్లకు ఇంటి చెప్పులు, చేతిలో నా పుస్తకం.

"టీచర్, ఇదేంటి?"

"అంకెలు చదవడం కూడా మర్చిపోయావా?"

"అయిదొందలు కదా. అమ్మ అన్నీ రాసిపెట్టింది."

"మీ అమ్మ రాసినవాటిలో సముద్రం ఒడ్డు జట్టుతో ఆడినవి రెండున్నాయి. రెండేళ్ల కింద జులైలో వాళ్లు చేతులెత్తేసి లీగ్‌లోంచి పోయారు, గుర్తుందా? సీజను మధ్యలో పోయిన జట్టుతో ఆ ఏడాది ఆడినవన్నీ కొట్టేస్తారు. పాయింట్లు, గోల్స్, మ్యాచ్‌లు, అన్నీ."

"ఆడాం కదా టీచర్. మూడొందల మంది చూశారు."

"చూశారు. లెక్కలో లేదు."

"ఒకదాంట్లో నా ముక్కు పగిలింది." వంకర ముక్కు నా వైపు తిప్పాడు.

"ముక్కు నీ దగ్గరే ఉంచుకో. దాన్ని ఎవరూ కొట్టెయ్యలేదు."

వాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "రెండోదాంట్లో గోల్ కొట్టాను. తలతో. ఈ క్లబ్బుకి నేను కొట్టింది అదొక్కటే."

"తెలుసు. అందుకే సున్నా వేశాను."

కిటికీలోంచి మైదానం వైపు చూశాడు. నాలుగో తరగతిలో చూసినట్టే. "మీకెప్పటి నుంచి తెలుసు?"

"ఆ జులై నుంచీ తెలుసు."

"ఒక్క మాట చెప్పొచ్చుగా."

"నన్నెవరడిగారు? మీ మేనేజరు మీ అమ్మనడిగాడు."

"ఇవాళ్టితో మానేస్తానని అందరికీ చెప్పేశాను టీచర్."

"మానెయ్. తొంభై ఎనిమిది దగ్గర మానకూడదని చట్టమేం లేదు. నిజం చెప్పాలంటే నలభై దగ్గర మానినా ఎవరికీ తేడా తెలిసేది కాదు."

ఈ మాట అని ఉండాల్సింది కాదేమో. కానీ అన్నాను, అంటున్నప్పుడు హాయిగానే ఉంది. వాడు లేచి పుస్తకాన్ని మడిచి నిక్కరు నడుం పట్టీలో దోపుకుని వెళ్లిపోయాడు.

రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడి చప్పట్లు కొడుతుంటే మధ్యలోంచి నడిచి మైదానంలోకి దిగాడు. తొమ్మిదో నిమిషంలో బంతికి బదులు గాలిని తన్నాడు, వాళ్లు గోల్ కొట్టారు. మూడు సున్నాతో ఓడాం. జనం మాత్రం ఆట చూడలేదు. నా పుస్తకం పట్టుకుని కొట్టుకున్నంత పని చేశారు. సగం మంది ముక్కు పగిలితే లెక్కేనన్నారు, సగం మంది చట్టం చట్టమేనన్నారు. ఫిలమీనా నా ముందు నుంచే వెళ్తూ గోడను చూసింది. ఫిన్‌బార్ చాకుతో కేకు మీది అంకె గీకేస్తుంటే కింది క్రీము కూడా ఊడొచ్చింది.

ఆట అయ్యాక వాడి చేతికి మైకు ఇచ్చారు. వీడ్కోలు మాటలు కాగితం మీద రాసుకొచ్చాడు, దాన్ని జేబులో పెట్టేశాడు.

"టీచర్ లెక్క ఎప్పుడూ తప్పదు," అన్నాడు. ఇంగ్లండు యాస లేదు. "రెండు తక్కువన్నారు. తీసివేత నాకిప్పుడు అర్థమైంది. కాబట్టి నేను మానట్లేదు. ఫిబ్రవరిలో కొత్త సీజనుకి మళ్లీ వస్తున్నాను."

మూడు వందల మంది లేచి అరిచారు. మేనేజరు తల పట్టుకున్నాడు. వాడి మొహం చూశాను. బస్సెక్కిన రోజు ఉన్న మొహం అది. మానాలని వాడికి ఏనాడూ లేదు. మానకుండా ఉండటానికి ఒక సాకు కోసం ఏప్రిల్ నుంచి వెతుక్కుంటున్నాడు, ఎవరూ ఇవ్వలేదు. వాణ్ణి సాగనంపాలని చూసిన నేనే చేతిలో పెట్టాను. ఎంత దద్దమ్మనో చూడండి. ఇంత సిగ్గులేని మనిషిని, ఎక్కడ ఆగాలో తెలియని మనిషిని, నా ముప్ఫై ఒక్క ఏళ్లలో చూడలేదు.

గేటు దగ్గర నన్ను దాటుతూ "ఫిబ్రవరిలో కలుద్దాం టీచర్," అన్నాడు.

వెనకాలే ఫిన్‌బార్ పరుగెత్తుకొచ్చాడు. గుప్పెట్లో చిల్లర, కోటు నిండా క్రీము.

"నూట యాభై పుస్తకాలూ పోయాయి టీచర్. ఇంకా కావాలని అడుగుతున్నారు. వాడి అయిదొందలు అయ్యేదాకా ఓ రెండు మ్యాచ్‌లకి మీరు మళ్లీ..."

"సరే," అన్నాను. ఆయన ఇంకా అడగడం పూర్తి చెయ్యలేదు.