సముద్రం దాటిన చంద్రగిరి కప్పు

చంద్రగిరి అంతర్జాతీయ క్రీడోత్సవాలకు ఇది పదో ఏడని ఒక పుస్తకం అచ్చేశారు. నున్నటి కాగితం, రంగుల అట్ట. మొదటి పేజీలోనే, 'దూరదృష్టి గల శ్రీ సారంగపాణి మాస్టారు ప్రపంచ దేశాల సౌభ్రాతృత్వం కోరి 1979లో ఈ ఉత్సవాలను అంతర్జాతీయ స్థాయికి తీసుకెళ్లారు' అని రాశారు. చదివితే నాకు ఒళ్లు మండింది. సారంగపాణి మాస్టారు నా మొగుడు. ఆయన దూరదృష్టి నాకు తెలియనిది కాదు. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని దానికోసం ఇల్లంతా వెతికే మనిషి. ఆ ఏడు ఆయన కోరుకున్నది సౌభ్రాతృత్వం కాదు. కడప నుంచి నలుగురు, నెల్లూరు నుంచి నలుగురు వస్తే చాలనుకున్నారు. మిగతాదంతా చేసింది బోర్డులు రాసే ధనంజయ, అతని తర్వాత నేను. మా ఇద్దరి పేర్లూ ఆ పుస్తకంలో లేవు కాబట్టి నేనే చెబుతున్నాను.

మా ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. కోట కింద మైదానంలో ఏటా చుట్టుపక్కల బళ్ల పిల్లలకు పరుగు పందేలు, దూకుడు పందేలు పెట్టేవారు. సున్నంతో గీతలు ఆయనే గీసేవారు. లాంగ్ జంప్ గుంతలో పోయడానికి స్వర్ణముఖి ఇసుక ఆయనే తోలించేవారు. ఆయన దగ్గర పోటీల రూల్సు పుస్తకం ఒకటి ఉండేది. సంధ్యావందనం ఒకపూట తప్పినా దాన్ని చదవడం మాత్రం తప్పేది కాదు.

ఆ ఏడు పక్క జిల్లాల వాళ్లను కూడా పిలవాలని ఆయనకు బుద్ధి పుట్టింది. చిత్తూరు రోడ్డుకు అడ్డంగా కట్టడానికి పెద్ద గుడ్డ బ్యానరు రాయమని ధనంజయకు పురమాయించారు. 'చంద్రగిరి అంతర్ జిల్లా క్రీడోత్సవాలు' అని నోటితోనే చెప్పి వచ్చారు.

అది అంతర్జాతీయ బాలల సంవత్సరం. ఖాళీ గోడ కనపడితే చాలు, ఆ మాట రాయించేవారు. బడి గోడ, ఆసుపత్రి గోడ, బస్టాండు గోడ. తాలూకాలో సగం గోడలు ధనంజయే రాశాడు. జనవరి నుంచి అదే మాట రాసి రాసి అతని చెయ్యి దానికి అలవాటు పడిపోయింది. 'అంతర్' అని మొదలుపెడితే కుంచె దానంతటదే 'జాతీయ' దాకా పోయి గానీ ఆగేది కాదు.

పొద్దున్నే బ్యానరు కట్టారు. ఎర్ర అక్షరాలు, వాటికి పసుపు నీడ. 'చంద్రగిరి అంతర్జాతీయ క్రీడోత్సవాలు.' తిరుపతి బస్సుల్లో పోయేవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చదివి నవ్వారు. మా ఆయన సైకిలు దిగి, ఆ మాట చూసి, రోడ్డు పక్కనే కూలబడిపోయారట.

ధనంజయ మా ఇంటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "తప్పయిపోయిండాది సామీ. జిల్లా అనే రాసినాననుకొన్నాను. చెయ్యి నా మాట ఇనలేదు. నిచ్చెనేసి ఆ ముక్క కోసేస్తాను," అన్నాడు.

కోసేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ అప్పుడే పరంధామయ్య వచ్చాడు. బెల్లం మండీల ఆసామి. ఆ మైదానం మీద అజమాయిషీ కూడా ఆయనదే. బెల్లం బండ్లు నిలుపుకోవడానికి దాని మీద ఆయనకు ఎప్పటినుంచో కన్ను.

"ఏమప్పా అయ్యవారూ, అంతర్జాతీయమంట! ఏ దేశాలు వస్తాండాయి? పాకాలా, పీలేరా?" అని పెద్దగా నవ్వాడు. "జనాన్ని మోసం చేసే బోర్డు కట్టినాక మళ్లా అనుమతి నేనెట్ల ఇచ్చేది? ఈ ఏటితో ఈ పిల్లకాయలాట చాలిద్దాం. స్థలం బండ్లకు పనికొస్తాది."

మా ఆయన తల వంచుకుని, "కోయించేస్తాం పరంధామయ్యగారూ. పందేలు మాత్రం ఆపొద్దు," అన్నారు.

ఆ వంగిన తల చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏళ్ల తరబడి ఎండలో మాడి, సున్నానికి వేళ్లు పగిలి, ఎవరి పిల్లలకో పరుగు నేర్పిన మనిషి. ఆ తల ఎవరి ముందూ వంగాల్సిన అవసరం లేదు. వంటింట్లోంచి బయటికి వచ్చాను.

"కోసేది లేదు," అన్నాను. "రాసింది రాసినట్లే ఉండనీండి. పరదేశం మనిషే కదా కావాల్సింది? వస్తారు. పరిగెత్తుతారు."

"ఒక్కరంటే ఒక్కరు పరిగెత్తితే అప్పుడు ఆలోచిద్దాం తల్లీ," అన్నాడు పరంధామయ్య. "లేకుంటే ఇదే ఆఖరు. నేనే వచ్చి కూసోని సూస్తాను."

ఆయన వెళ్లాక మా ఆయన నా వైపు చూశారు. "యాడ నుంచి తెస్తావే?"

నాకూ తెలియదు. అయినా పైకి చెప్పలేదు. "కొండ మీద నుంచి," అన్నాను.

మా అన్న శఠగోపం తిరుమలలో యాత్రికులకు గదులిచ్చే చోట పని చేసేవాడు. పందేల ముందురోజు ఘాట్ రోడ్డు బస్సెక్కి వెళ్లి అతని ముందు నిలబడ్డాను.

"ప్రపంచమంతా మా కొండకే వస్తాదని గొప్పలు చెప్తావే, ఒక్క మనిషిని చూపించన్నా," అన్నాను.

అన్న ఒక తెల్లాయనను చూపించాడు. జడలు కట్టిన జుట్టు, కాషాయం లుంగీ. పరిగెత్తుతావా అని సైగలు చేసి అడిగితే, ఆయన కళ్లు మూసుకుని, నన్ను శాంతంగా ఉండమని తిరిగి సైగ చేశాడు. శాంతంగా ఉండాలట, నేను! విసుక్కుంటూ బయటికి వచ్చాను.

అప్పుడు చూశాను. ఒక కోతి ఎవరిదో గుడ్డసంచి లాక్కుని పరిగెత్తుతోంది. దాని వెనక ఒక ఆడమనిషి. నా వయసే ఉంటుంది. అప్పుడే తీసిన గుండు, దాని మీద గంధం, పైకి దోపిన నూలు చీర. కోతి అటు తిరిగితే ఆమె అటు, ఇటు తిరిగితే ఆమె ఇటు. చివరికి కోతే రొప్పుతూ సంచి పారేసి గోడెక్కింది.

"అరటిపండ్లకోసం ఇంత పరుగా తల్లీ?" అన్నాను.

"అరటిపండ్లయితే దానికే ఇడిసిపెడుదును. మా పాసుపోర్టులుండాయి లా. అవి పోతే మలేషియాకు ఎట్ల పొయ్యేది?" అంది.

కొండ మీద అందరిముందూ ఆమెను కావిలించుకున్నాను.

ఆమె పేరు కుప్పమ్మ. వాళ్ల తాత పుత్తూరు పక్క పల్లె నుంచి మలయా రబ్బరు తోటలకు పోయాడట. ఆమె అక్కడే పుట్టింది. తాత వెంట తీసుకెళ్లిన తెలుగును ఆ తోటలో వాళ్లు చెక్కుచెదరకుండా దాచుకున్నారు. ఆమె మాట్లాడుతుంటే మా అవ్వ మాట్లాడినట్టే ఉంది, చివర్న వచ్చే ఆ 'లా' తప్ప. అది అక్కడి వాళ్ల అలవాటట. తోటల ఆటల పోటీల్లో ఏటా పరిగెత్తుతానని కూడా చెప్పింది.

"మా చంద్రగిరిలో పరిగెత్తుతావా?"

"ఆడ కోటలో రాణీ మహలు ఉండాదని మా తాత చెప్తాండె. సూపిస్తే వస్తాను లా."

మర్నాడు మైదానం నిండిపోయింది. పందేలు చూడటానికి కొందరు, మేం నవ్వులపాలవుతుంటే చూడటానికి కొందరు. పరంధామయ్య పేపరు విలేకరిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. పిల్లల పందేలన్నీ అయ్యాక, ఆఖరి పందేనికి కుప్పమ్మను ముందుకు తీసుకొచ్చాను.

"ఈమా పరదేశం?" అన్నాడు పరంధామయ్య. "గుండు, నూలు చీర, మాటేమో పుత్తూరు సంత మాట. నా చెవిలో పువ్వు పెడతావా తల్లీ?"

కుప్పమ్మ సంచిలోంచి పాసుపోర్టు తీసి ఆయన ముక్కు ముందు పెట్టింది. "కోతికే ఇయ్యలేదు. నీకు దూరం నుంచి సూపిస్తాను, సూడు లా."

జనం గొల్లుమన్నారు. ఇక గెలిచామనుకున్నాను. అంతలో మా ఆయన రూల్సు పుస్తకం తెరిచారు. ఆయన మొహం పాలిపోయింది.

"ఆడవాళ్ల పందేనికి ఈమె ఒక్కతే ఉండాది," అన్నారు మెల్లగా. "పెద్దోళ్లను బడిపిల్లలతో కలిపేదానికి లేదు. ఇద్దరన్నా లేకుంటే అది పందెం కాదు. రూలుండాది."

పరంధామయ్య మీసం దువ్వుకున్నాడు. నా మొగుణ్ణి నమిలి మింగేయాలనిపించింది. టీచరమ్మల వైపు చూస్తే ఒకామె కోట వైపు చూసింది, ఒకామె చెప్పు సర్దుకుంది. నేను తొమ్మిది గజాల చీర కచ్చపోసి కట్టే ఇంటి పిల్లను. పరుగుకు అంతకంటే మంచి బట్ట ఏముంది? కొంగు తీసి నడుముకు బిగించాను.

"ఇద్దరే కదా కావాల్సింది? నేనుండాను. పేరు చెప్పండి మైకులో," అన్నాను.

చిక్కంతా ఆ పేరు దగ్గరే వచ్చింది. మా ఇళ్లలో మొగుడు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవడు. 'ఏమే', 'ఇదిగో', 'లోపల ఎవరు?' వీటితోనే మా కాపురం జరిగిపోయింది. మా ఆయన మైకు పట్టుకున్నారు. "మలేషియా దేశం తరఫున కుప్పమ్మ. భారతదేశం తరఫున..." అని ఆగిపోయారు. మైకు కుయ్యిమంది. ఊరంతా ఎదురుచూసింది. "భారతదేశం తరఫున... మా ఇంటావిడ," అన్నారు.

ఆ నవ్వులు తగ్గకముందే ఈల ఊదారు.

మైదానం చుట్టూ ఒక చుట్టు. మొదటి మలుపు దాకా నేనే ముందు. నిజంగానే. కుప్పమ్మ తలెత్తి రాణీ మహలు చూస్తూ పరిగెత్తింది మరి. తర్వాత కిందికి చూసి, నన్ను చూసి, దాటేసింది. నేను కావాలనే ఓడిపోయానని, అతిథి మర్యాద చేశానని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒట్టి మాట. గెలవాలనే పరిగెత్తాను. చెమటకు గంధం కరిగి ఆమె మెడ మీదికి కారడం రెండో మలుపు నుంచీ చూస్తూనే ఉన్నాను, అందుకోలేకపోయాను. రిబ్బను ఆమె గుండెకు తగిలింది. నాకు ఏడుపొచ్చింది.

మా పందేలకు ఉన్నది ఒకే ఒక్క రోలింగ్ కప్పు. ఆఖరి పందెం గెలిచినవారికి దాన్ని ఇచ్చేవాళ్లు. పరంధామయ్య దాన్ని కుప్పమ్మ చేతిలో పెట్టి మైకు అందుకున్నాడు. "అంతా బాగనే జరిగిండాది. పరదేశం మనిషి కూడా పరిగెత్తింది, సంతోషం. అందరం ఆలోచించుకొని, ఇంతటితో ఈ పందేలు చాలించి, వచ్చే ఏటి నుంచి ఈ స్థలాన్ని..."

మా ఆయన చెయ్యి చాపి మైకు తీసుకున్నారు. ఎదురు చెప్పడానికి కాదు. ఎదురు చెప్పడం ఆయనకు చేతకాదు. కప్పు ఇచ్చిన వెంటనే ఏటా ఒక రూలు చదవడం ఆయన అలవాటు, అది ఎక్కడ మరిచిపోతారోనని ఆయన బాధ. "కప్పు గెలిచినవారు ఏడాది పాటు తమ వద్ద ఉంచుకొని, మరుసటి ఏడు ఇదే మైదానంలో, ఇదే పోటీల్లో తిరిగి అప్పజెప్పవలెను," అని చదివి, మైకును మర్యాదగా పరంధామయ్యకు ఇచ్చేశారు.

ఏం చేశారో ఆయనకు తెలియదు. నాకు తెలిసింది. కుప్పమ్మకూ తెలిసింది.

"అయితే దీన్ని మలేషియాకు తీసకపోతాను," అంది కుప్పమ్మ కప్పును చంకనెత్తుకుని. "వచ్చే ఏడు తెచ్చియ్యాల. మీరు పందెం పెట్టాల కదా లా?"

"పెట్టాల," అన్నాను నేను. అప్పటికీ రొప్పుతూనే ఉన్నాను. "సముద్రం దాటి కప్పు తెచ్చిన మనిషి బెల్లం బండ్ల నడుమ నిలబడి ఎవరికిచ్చేది పరంధామయ్యగారూ? చంద్రగిరి పరువు ఏమైపోవాల?"

విలేకరి గబగబా రాసుకుంటున్నాడు. పరంధామయ్య అతన్ని చూశాడు, కప్పును చూశాడు, అంత జనాన్నీ చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "పెట్టకుండా ఎట్ల? పెడతాం. ఏటేటా పెడతాం," అన్నాడు. ఈలలతో మైదానం దద్దరిల్లింది. జనం వెనక ధనంజయ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. ఆరోజు నా గుండె ఎంత ఉప్పొంగిందో చెప్పడం నావల్ల కాదు.

ఓడినందుకు మాత్రం నిద్ర పట్టలేదు. ఆ ఏడాదంతా తెల్లవారుజామున కోట గోడ వెంబడి పరిగెత్తాను. ఎవరైనా అడిగితే పాలకు పోతున్నానని చెప్పేదాన్ని. మళ్లీ పందేల రోజులు దగ్గరపడ్డాయి. ఈసారి బ్యానరు మీద ఏం రాయాలని ధనంజయ అడిగాడు. "నీ చెయ్యి ఎట్ల పోతే అట్ల రాయప్పా," అన్నాను.

కుప్పమ్మ మాట తప్పలేదు. చింతపండుతో తోమిన కప్పు, తోటలో తన జతగత్తెలు ఇద్దరు, సింగపూరు నుంచి పినతండ్రి కూతురు. అందరితో దిగింది. ఇప్పుడు ఆమెకు జుట్టు పెరిగింది, జడలో మల్లెపూలు పెట్టుకుంది. రెండో మలుపులో ఆ మల్లెలు నా ముందున్నాయి. తర్వాత నా పక్కన ఉన్నాయి. తర్వాత కనపడలేదు. వాసన కూడా వెనకబడింది. రిబ్బను నా గుండెకు తగిలింది.

మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయాను. కుప్పమ్మ వచ్చి నా వీపు నిమురుతోంది. మైకు కుయ్యిమంది.

"ఆఖరి పందెం ఫలితం," అన్నారు మా ఆయన. "రెండో స్థానం కుప్పమ్మ, మలేషియా. మొదటి స్థానం..."

ఆగారు. జనం అప్పటికే నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. నేనూ సిద్ధంగానే ఉన్నాను.

"పంకజవల్లి," అన్నారు. కోటకు తగిలి తిరిగొచ్చేంత గట్టిగా అన్నారు. ఎవరూ నవ్వలేదు. మళ్లీ అన్నారు. "పంకజవల్లి. భారతదేశం."

నా పేరు ఆయనకు తెలుసని నాకు తెలిసింది ఆరోజే.