నాలుగు గంటల ట్రిప్పు

రెండో బస్సు ముందు చక్రానికి పట్టిన బురదను పొట్టక్క గీకి గీకి తీస్తోంది. ఇంకా ఆరు కాలేదు. షెడ్డు నేలంతా సబ్బునురుగు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, పైన నీలం కోటు, చేతిలో పొడుగుకర్ర బ్రష్షు. బస్సుకు అవతలి పక్క వదిన ఉంది. మనిషి కనబడదు, బ్రష్షు చప్పుడే వినబడుతుంది. పంతొమ్మిదేళ్ళుగా ఇదే వాటం. ఎడమపక్క పొట్టక్కది, కుడిపక్క వదినది. ముందు అద్దం దగ్గర విడిపోయి వెనక అద్దం దగ్గర కలుసుకుంటారు. ముందు చేరినవాళ్ళు రెండోవాళ్ళ ముఖాన నీళ్ళు చల్లాలని ఏనాడో వేసుకున్న పందెం ఇప్పటికీ నడుస్తోంది.

ఇవాళ మూడు బస్సులకు మూడుసార్లూ పొట్టక్కే గెలిచింది. చేతులు ఆగడం లేదు. కడిగిన చక్రాన్నే మళ్ళీ కడిగి, తడిసిన అద్దాన్నే మళ్ళీ తడిపి, నాలుగో బస్సుకు నీళ్ళగొట్టం తన కాళ్ళకే చుట్టుకుని పడబోయింది. వదిన ముఖం తుడుచుకుంటూ, పదకొండింటికి కదా పరీక్ష, ఇప్పటినుంచే బండి తోలుతున్నావేమే అని నవ్వింది.

డిపోలో మనుషులు మూడు మెట్ల మీద ఉంటారు. మేడమీద ఆఫీసువాళ్ళు. కింద గదిలో డ్రైవర్లు, కండక్టర్లు. ఆ గదిలో ఫ్యాను, కుర్చీలు, గాజుగ్లాసుల్లో టీ. ఆ గది దాటి, డీజిలు ట్యాంకు దాటి, గోడవారన షెడ్డులో కడిగేవాళ్ళు. వీళ్ళ కుర్చీలు బోర్లించిన బకెట్లు. కడిగేవాళ్ళు డ్రైవర్ల గదిలోకి వెళ్ళకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు. అయినా పంతొమ్మిదేళ్ళలో పొట్టక్క ఆ గడప తొక్కింది తుడవడానికే.

బండి నడపడం ఆమెకు నేర్పింది, డిపోలో అందరూ తాత అని పిలిచే పెద్దాయన. ఆయన ఒకప్పుడు డ్రైవరు. చూపు మందగించాక, కడిగిన బస్సులను వరసలోకి జరిపే పని ఇచ్చారు. మోకాళ్ళు పట్టేసిన రోజున, ఇలా రావే పొట్టీ, ఆ నాలుగు బండ్లూ అక్కడ పెట్టెయ్ అనేవాడు. సీటు కొసన కూర్చుని, మెడ సాచి, మునివేళ్ళతో పెడలు తొక్కుతూ ఆమె డిపో లోపల ఎన్ని వందల మైళ్ళు నడిపిందో లెక్క లేదు. గేటు మాత్రం ఎప్పుడూ దాటలేదు. తాత రిటైరయ్యేలోగా దగ్గరుండి ఆమె చేత పెద్దబండ్ల లైసెన్సు తీయించాడు. అది ట్రంకుపెట్టెలో పడి ఉంది.

ఆరు నెలల కింద పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. లైసెన్సు ఉండి, పదో తరగతి పాసైతే డిపోలో ఏ పని చేసేవాళ్ళయినా డ్రైవరు పరీక్షకు కూర్చోవచ్చు. పొట్టక్కకు పదో తరగతి కూడా ఉంది. అది వదిన పెట్టిన భిక్ష. ముప్పై ఎనిమిదో ఏట పుస్తకాలు పట్టుకున్నప్పుడు పొట్టక్కను టైర్ల గుట్ట వెనక కూర్చోబెట్టి, ఏడాది పాటు రోజుకో రెండు బస్సులు వదిన రెండు పక్కలా తనే కడిగింది. తనకు సంతకం కూడా రాదు. లెక్కలు తప్పినందుకు పొట్టక్క ఏడుస్తుంటే, ఇంత బస్సునే కడుగుతున్నావు, ఆ కాస్త కాగితాన్ని కడగలేవా అని గసిరేది.

పదకొండింటికి డిపో వెనక మైదానంలో డ్రమ్ములు పేర్చారు. పరీక్షకు ఏడుగురు. ఆరుగురు మగవాళ్ళు, వాళ్ళలో ఇద్దరు కండక్టర్లు, మిగతావాళ్ళు వర్క్‌షాపు మనుషులు. పొట్టక్క నీలం కోటు విప్పలేదు. డ్రైవర్లంతా గోడమీద కూర్చుని చూస్తున్నారు. వాళ్ళలో పెద్దవాడు మీసాల డ్రైవరు. బండి కడగడం వేరు, నడపడం వేరు, ఈ పిల్లకి స్టీరింగు మీదుగా ముందున్న రోడ్డు కనబడుతుందా అన్నాడు. ఆ 'పిల్ల'కు నలభై నాలుగేళ్ళు.

ఆమె వంతు వచ్చింది. నలభై రెండో నంబరు బండి. సీటును ఎంత ముందుకు వస్తే అంత ముందుకు లాక్కుంది. ఇంజను స్టార్టు చేసింది. చేసి ఊరుకుంది. పక్కన నిలబడ్డ పరీక్షాధికారి గడియారం చూసుకున్నాడు. గోడమీద ఎవరో ఇకిలించారు.

"ఏమ్మా, కదలదా?"

"బ్రేకుకు గాలి నిండలేదండి. ముల్లు ఇంకా ఎర్రగీత మీదే ఉంది. ఇప్పుడు కదిలిస్తే బ్రేకు పడదు."

ఆయన వంగి ముల్లు చూశాడు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ముందు నడిపిన నలుగురిలో ఒక్కడూ ఆ ముల్లు వంక చూడలేదు.

గాలి నిండి బుస్సుమంది. బండి కదిలింది. పొట్టక్క గుండె కూడా కదిలింది, ఇంజను కంటే పెద్దగా. మొదటి డ్రమ్ము, రెండో డ్రమ్ము. పాము వంపు. ఆమె అద్దంలోకి చూస్తోంది గాని, నిజానికి చూడాల్సిన పని లేదు. ఈ బండి ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో ఆమె చేతులకు తెలుసు. ఎన్నివేలసార్లు తుడిచిన ఒళ్ళు అది! వెనక ఎడమ మూల రేకు బొటనవేలంత బయటికి వంగి ఉంటుంది. రోజూ గుడ్డ తగులుకునేది అక్కడే. ఆ బొటనవేలంత కలుపుకుని తిప్పింది.

ఇక వెనక్కి పెట్టడం. రెండు వరసల డ్రమ్ముల మధ్య, బస్సు వెడల్పుకు జానెడు ఎక్కువ చోటు. అక్కడే నలుగురిలో ఇద్దరు డ్రమ్ములు పడగొట్టారు. పొట్టక్క పెదవి కొరుక్కుంది. సగం దూరం వచ్చాక, తన భుజానికే ఏదో రాసుకోబోతున్నట్టు ఎడమవైపు జివ్వుమంది. ఆపింది. స్టీరింగు వేలెడంత తిప్పింది. మళ్ళీ వదిలింది. బండి లోపలికి జారి నిలబడింది.

మీసాల డ్రైవరు గోడ దిగి వచ్చాడు. బస్సుకూ డ్రమ్ముకూ మధ్య అరచెయ్యి అడ్డంగా పెట్టి చూశాడు. రెండో పక్కకూ వెళ్ళి పెట్టి చూశాడు. "అటు బెత్తెడు, ఇటు బెత్తెడు" అన్నాడు గోడమీదివాళ్ళతో. ఎవరూ ఇకిలించలేదు.

ఒంటిగంటకు మేడ మెట్ల దగ్గర కాగితం అంటించారు. మూడు పేర్లు. మూడోది ఆమెది. ఆ పేరుతో ఆమెను డిపోలో ఎవరూ పిలవరు కాబట్టి, ఎవరబ్బా ఈవిడ అనుకుంది. తర్వాత ఒళ్ళంతా ఒక్కసారి వేడెక్కింది. రబ్బరు బూట్లు టపటపమంటుండగా డీజిలు ట్యాంకు దాకా పరుగెత్తి, అక్కడ ఆగి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, చిన్నపిల్లలా రెండుసార్లు ఎగిరి, షెడ్డులోకి వెళ్ళింది.

కబురు ఆమెకంటే ముందే చేరింది. బకెట్ల మీద కూర్చుని తింటున్న ఆడవాళ్ళు నలుగురూ లేచి నిలబడ్డారు. వాళ్ళలో పోయినవారం ఆమె కోటు వీపు మీద సబ్బునురుగుతో తోక గీసిన మనిషి కూడా ఉంది.

"రండి, కూర్చోండి" అని ఆ మనిషే ఒక బకెట్టును గుడ్డతో తుడిచింది. వేళాకోళమనుకుని పొట్టక్క నవ్వింది. ఎవరూ నవ్వలేదు. వాళ్ళ కళ్ళలో సంతోషం నిజమే, ఆ 'అండి' కూడా నిజమే.

లేవనిది వదిన ఒక్కతే. "వచ్చావా? ఇంద, తిను" అని డబ్బా మూత ముందుకు తోసింది.

ముద్ద నోట్లో పెట్టుకునేలోగా మేడమీది నుంచి పిలుపు. మేనేజరు గోడమీది చార్టు చూస్తూ, సగంమంది డ్రైవర్లు జ్వరాలతో పడ్డారనీ, నాలుగు గంటల ట్రిప్పుకు మనిషి లేడనీ చెప్పాడు. కొత్తవాళ్ళు పక్కన పెద్ద డ్రైవరు ఉంటే నడపవచ్చట. ఇవాళ నడుపుతావా, రేపటినుంచి వస్తావా అని అడిగాడు. ఆ మాట పూర్తి కాకముందే ఇవాళే అంది పొట్టక్క. తెల్లచొక్కా ఇచ్చారు. అది ఆమె మోకాళ్ళను పలకరిస్తోంది.

షెడ్డు వెనక వదిన ఆ చొక్కా చేతులు మడుస్తూ ఉంది. ఒక మడత, రెండు, మూడు. పొట్టక్క నోరు ఆగడం లేదు. గాలి ముల్లు సంగతి, బెత్తెడు సంగతి, పరీక్షాధికారి ముఖం సంగతి చెప్పిందే చెబుతోంది. నాలుగో మడత దగ్గర వదిన అంది:

"నేను ఇవాళ పని మానేశానే. సాయంత్రం రైలుబండికి అమ్మాయి దగ్గరికి పోతున్నా."

అమ్మాయి అంటే వదిన కూతురు, వేరే ఊళ్ళో కుట్టుమిషను కొట్టు పెట్టుకుంది. రమ్మని మూడేళ్ళుగా పోరుతోంది. అన్న పోయిన దగ్గర్నుంచి వదినా ఆడపడుచూ రెండు గదుల ఇంట్లో ఒకే పొయ్యి మీద బతుకుతున్నారు. పోతా పోతా అని వదిన అంటూనే ఉంటుంది. అది కూడా ఆ నీళ్ళ పందెంలాంటిదేననుకునేది పొట్టక్క.

"ఇవాళేనా వదినా?"

"ఇవాళే. రేపంటే నువ్వు ఏడ్చి ఆపేస్తావు. ఇవాళ నీకు ఏడ్చే తీరిక లేదు."

"నా మీద కోపమా?"

"కోపమేంటి పిచ్చిదానా! వాళ్ళు లేచి నిలబడ్డం చూశావుగా. వాళ్ళ తప్పు లేదు, కాళ్ళు వాటంతటవే లేస్తాయి. రేపు నువ్వు ఈ చొక్కాతో ఎదురొస్తే నా కాళ్ళు కూడా లేస్తాయేమో. నిన్ను చూసి నేను లేవడమా? నవ్వొస్తుందే నాకు."

నవ్వింది కూడా. రెండో చెయ్యి మడత పెట్టింది.

నాలుగింటికి గేటు తెరుచుకుంది. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి బండి ముందు చక్రాలు పొట్టక్క చేతికింద వీధిలోకి దిగాయి. వీధి ఇంత పెద్దదని ఆమెకు తెలియదు. కాదు, ఇంత చిన్నదని. పైనుంచి చూస్తే గొడుగులు, టోపీలు, తోపుడుబండ్ల మీది పండ్లు, అన్నీ తన ముందు తప్పుకుంటూ, దారి ఇస్తూ. ఆసుపత్రి స్టాపు దగ్గర బండిని గట్టుకు జానెడు దూరంలో, నీళ్ళగుంట ఎవరి మీదా చిందకుండా ఆపింది. ఎక్కిన ముసలాయన ఆమెను చూసి, మళ్ళీ చూసి, భద్రంగా రాడ్డు పట్టుకున్నాడు. పక్కన కూర్చున్న మీసాల డ్రైవరు కిటికీవైపు తల తిప్పుకుని నవ్వాడు. మూడో మలుపు దాటాక ఆ ముసలాయన రాడ్డు వదిలేసి కునుకు తీశాడు. పొట్టక్కకు బిగ్గరగా కూతపెట్టాలనిపించింది. దానికి బదులు హారను కొట్టింది.

అద్దంలో వదిన కనబడుతూనే ఉంది. నాలుగో సీటు, కిటికీ పక్క, ఒళ్ళో సంచి. కడగడానికి తప్ప ఎక్కని బస్సులో, ముందు సీటు వెనకభాగాన్ని వేలితో రాసి చూస్తూ.

స్టేషను స్టాపు వచ్చింది. జనం దిగారు, జనం ఎక్కారు. వదిన వెనక తలుపులోంచి దిగి, బస్సు వెనకగా చుట్టి, కుడిపక్కన నడుచుకుంటూ వచ్చింది. నడుస్తూ నడుస్తూ బండి ఒంటి మీద అరచెయ్యి ఆనించి, వెనకనుంచి ముందు దాకా రాసుకుంటూ వచ్చింది. డ్రైవరు కిటికీ కింద ఆగి ఆ అరచెయ్యి చూసుకుని, పైకెత్తి చూపించింది. దుమ్ము లేదు.

పొట్టక్క కిటికీలోంచి వంగింది. వెనక గంట రెండుసార్లు మోగింది.

"పోనీవే, జనం ఎదురుచూస్తున్నారు" అంది వదిన.

గాలి నిండింది. ముల్లు ఎర్రగీత దాటింది. పొట్టక్క పోనిచ్చింది. అద్దంలో వదిన కాసేపు నిలబడింది. తర్వాత సంచి భుజం మార్చుకుని జనంలో కలిసిపోయింది. ముందు సిగ్నలు దీపం పచ్చగా ఉంది. బండి దాటింది.

చివరి స్టాపులో అందరూ దిగిపోయాక కండక్టరు సీట్లు చూసుకుంటూ వచ్చి నాలుగో సీటు దగ్గర ఆగాడు. స్టేషనుకైతే ఇంత దూరం టికెట్టు అక్కర్లేదని తాను చెప్పాననీ, మా ఆడపడుచు బండి, చివరిదాకా ఇవ్వు అని ఆవిడ పట్టుబట్టిందనీ చెప్పాడు. పొట్టక్క ఇంజను ఆపి లేచి వెళ్ళింది. ఖాళీ సీటు పక్కన, ఎగిరిపోకుండా కిటికీ సందులో దోపిన టికెట్టు, చివరి స్టాపు దాకా చెల్లేది, గాలికి అల్లల్లాడుతోంది.