నవ్వే మరియమ్మ

హెలెన్ టీచరు ప్రతి డిసెంబరులోనూ పేటలో ఇంటికొక క్రిస్మస్ కార్డు తన చేత్తో చేసి ఇస్తుంది. కొట్లో కార్డుల మీద మంచూ, గుర్రపు బండ్లూ ఉంటాయని ఆవిడకి కోపం. సత్తెనపల్లి చుట్టుపక్కల మంచు ఎవడు చూశాడు? అందుకే ఏడాది పొడవునా పొలాల వెంట తిరిగి బొమ్మలు గీసుకుని, వాటిలోంచే కార్డు తయారుచేస్తుంది. ఆవిడ బెత్లెహేములో మిరపకాయలు ఎండుతుంటాయి, బాలయేసు పత్తి కుప్ప మీద పడుకుంటాడు. దేవుని వాక్యంలో మిరపకాయ ఎక్కడుందమ్మా అని పాస్టరుగారు సణుగుతారు. సణుగుతూనే తన కార్డు భద్రంగా దాచుకుంటారు.

ఈ ఏటి కార్డులో మరియమ్మ, పేటలోని కొండమ్మ కూతురు సలోమి. వేసవిలో ఆ పిల్ల మిరప కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరుతుంటే గీసింది. ఘాటుకి టీచరు వరసపెట్టి తుమ్ముతుంటే సలోమి పగలబడి నవ్వింది. ఆ నవ్వు పెన్సిలుకి చిక్కింది. ఎత్తుపళ్ళన్నీ బయటపెట్టి, కళ్ళు మూతలు పడి, ముఖమంతా నవ్వే. ఇన్నేళ్ళ గీతల్లో ఇంత ప్రాణమున్న బొమ్మ తన చేతి నుంచి రాలేదని హెలెన్‌కి తెలుసు. నిన్నే మరియమ్మని చేస్తానంటే సలోమి సిగ్గుపడినట్టే పడి, పేటంతా టముకు వేసింది.

నవంబరులో పత్తి తీతకు పోతున్న కూలీల ఆటో బోల్తాపడింది. అందరూ దెబ్బలతో బయటపడ్డారు, సలోమి తప్ప.

చావు జరిగిన ఇంటి మీద ఆ ఏడు స్టారు కట్టరు, పండగ చెయ్యరు. అలాంటి ఇంట్లో తల్లి చేతికి నవ్వుతున్న కూతుర్ని ఎలా ఇవ్వడం? ఇవ్వకపోయినా పక్కింటి కార్డులో చూస్తుందిగా. అలా అనుకునే హెలెన్ ఒక మధ్యాహ్నం రబ్బరు తీసుకుని ఆ ముఖం తుడిచేసింది. ఆ చోట తల వంచుకుని, పెదవులు కలిపి ఉండే మామూలు మరియమ్మను గీసి, దాన్నే కార్డులన్నిటి మీదా దించింది. మంచిపనే చేశాననుకుంది. ఎదుటివాళ్ళ దుఃఖం దేనికి ఓర్చుకుంటుందో, దేనికి ఓర్చుకోదో మనమే తేల్చేస్తాం. వాళ్ళనొక మాట అడగం.

కార్డులకు రంగులు వేస్తుండగా కొండమ్మ వచ్చింది. కుర్చీ వేసినా కూర్చోలేదు. టీచరమ్మ నన్ను గీసిందని కూతురు చెప్పిందట. ఆ బొమ్మ ఒక్కసారి చూసి పోదామని వచ్చిందట. ఫోన్లో ఫోటోలు బోలెడున్నాయి గానీ, ఒక్కదాంట్లోనూ పిల్ల మూతి విప్పి నవ్వలేదట.

"నవ్వుతున్నట్టు గీశారంటగా టీచరమ్మా," అంది.

హెలెన్ కుంచె కింద పెట్టింది. కాగితం ఎక్కడో పోయిందని చెప్పేద్దామనుకుంది. ఆ తల్లి ముఖం చూశాక అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నువ్వు తట్టుకోలేవని తుడిచేశాను కొండమ్మా, ఫోన్లో కూడా తీసి పెట్టుకోలేదు అని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

కొండమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. మళ్ళీ గియ్యరాదా అని అడిగింది, అంతే. హెలెన్ గీసింది. అది పక్కన పెట్టి మళ్ళీ గీసింది. పళ్ళు వచ్చాయి, బుగ్గలు వచ్చాయి, మూతపడ్డ కళ్ళూ వచ్చాయి. సలోమి రాలేదు. కొండమ్మ ఒక్కో కాగితాన్నీ రెండు చేతులతో పట్టుకుని ఆశగా చూసి, ఇది కాదమ్మా అంటూ నెమ్మదిగా కింద పెట్టింది. తుడిచేటప్పుడు ఒక్క క్షణమైనా ఆగని తన చెయ్యి మీద హెలెన్‌కి అసహ్యం వేసింది. పెన్సిలు పడేసి, చిన్నపిల్లలా ఏడ్చింది.

కొండమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఓదార్చాల్సిన మనిషి ఏడుస్తుంటే, ఏడవాల్సిన మనిషి వీపు నిమిరింది.

"ఊరుకోండి టీచరమ్మా, మీరు చేసిందేముంది," అంది. "ఫోటో దిగేటప్పుడల్లా, పళ్ళు కనపడతన్నాయి, నోరు ముయ్యవే అని నేనే అరిసేదాన్ని. ఒక్కదాంట్లోనన్నా నవ్వనియ్యలేదు నా బిడ్డని."