ముక్కూ నాదే, కడుపూ నాదే

పెరట్లో వాంతి చేసుకుంటూ "నాచు వల్లే" అన్నాను. వసారాలో బియ్యం ఏరుతున్న మా అత్తగారు సుభద్రమ్మకి "నా చూలే" అని వినబడింది. ఏడేళ్ళుగా ఆ మాట కోసమే కాచుకున్న చెవులు. నేను దగ్గినా అలాగే వినబడేది. నోరు కడుక్కునేలోగా వీధంతా తెలిసిపోయింది.

నాచు సంగతి చెప్పాలి. మా ఆయన నరసింగరావుగారు విజయనగరంలో కాలేజీ లెక్చరరు. భోగాపురం దగ్గర సముద్రపు రాళ్ళకి పట్టే ఎర్రనాచు జాలారిపేటలో చేపలమ్మే అమ్మడు గంపతో తెస్తుంది. నీడన ఆరబెట్టడం, దంచడం, స్పిరిట్లో నానేసి వడగట్టడం నా పని. పరిశోధన ఆయన పని. ఆ సారం కలిపితే వేరుశనగ నూనె నెలలైనా ముక్కిపోదని ఆయన వాదం. ముక్కిందో లేదో ముక్కే చెప్పాలి. ఆయన ముక్కు ఏనాడో పొడుంకి ధారపోశారు. కనక రోజూ పన్నెండు నూనె సీసాలూ నేను వాసన చూసి చెబితే, "నేను పరీక్షించితిని" అని ఆయన రాసుకునేవారు.

తరవాత అది విషమా కాదా తేలాలన్నారు.

"ఆ నూనె నువ్వు తినే పచ్చడిలో వేసుకో. అమ్మకి వద్దు, పెద్దది. నాకు కాలేజీ ఉంది."

ఎలుకలకైతే బోను కావాలి. నాకు వంటిల్లు ఎలాగూ ఉంది.

ఆరోరోజు పెదవులు మండాయి. ఎనిమిదోరోజు వాంతులు. చెబితే నా ఒంటి తత్వమన్నారు. చూలు కబురు పుట్టాక అత్తగారు నాకు ముందు పీట వేశారు, బిందె ముట్టుకోనివ్వలేదు, గొడ్రాలినల్లా అమ్మాయినయ్యాను. ఆయన మంచం మీద నా బదులు పుస్తకాలు పడుకుని ఆర్నెల్లయిందని ఆయనకీ నాకూ తెలుసు. ఆయన నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు, కూర్చుని తినడం అంత బాగుంటుందని నాకు తెలియదు. కాని రెండు రోజులు నూనె మానేశాను. వాంతులు ఆగాయి. మళ్ళీ వేసుకున్నాను. మళ్ళీ వచ్చాయి. ఆయన నోటుబుక్కు తీసి చూస్తే, "నూనె వలన హాని లేదు. వాంతులు గర్భము వలన" అని ఉంది.

ఆదివారం పేరంటాళ్ళు వచ్చారు. అప్పుడే నాచు దింపిన అమ్మడి చేతిలో ఆయన ఒక సీసా పెట్టి, ఇంటిల్లిపాదీ కూరల్లో వాడమన్నారు.

"పిల్లలక్కూడా ఎయ్యొచ్చేటి, బాబూ?"

ఆయన తలూపారు.

నేను లేచి సీసా లాక్కున్నాను.

"ఏటే, కడుపుతో ఉన్నదానివి, అలా లెగొచ్చా?" అన్నారు అత్తగారు.

"కడుపుతో లేను, అత్తా. కడుపులో ఉన్నది మీ అబ్బాయి నూనె."

మానితే వాంతులు ఆగాయనీ, తింటే వచ్చాయనీ, అమ్మకి వద్దన్నారనీ అందరికీ వినబడేలా చెప్పాను. ఆర్నెల్ల సంగతి కూడా. అమ్మడు చెయ్యి కొంగుకి తుడుచుకుంది. ఆయన పొడుం డబ్బీ తీశారు గాని పీల్చలేదు.

నూనె తూములో ఒంపి, నోటుబుక్కు తెరిచి "లేదు" కొట్టేసి "ఉన్నది" అనీ, "గర్భము" కొట్టేసి "నూనె" అనీ రాశాను. అత్తగారు నా పీట లోపలికి తీసుకుపోయి, బిందె తెచ్చి నా ముందు పెట్టారు.

పరీక్షించినది లక్ష్మీనరసమ్మ అని నా పేరు పూర్తిగా రాశాకే లేచాను.