తాళం పాట

రంపం పాటంటే కాలరక్క చెవి కోసుకుంటుందని చొక్కాల ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. ఆ గాయకుడి అసలు పేరు ఎవరికీ పట్టదు. దుంగని కోస్తున్నట్టుండే గొంతును బట్టి జనం రంపం అన్నారు, అతనూ పోస్టర్ల మీద అదే వేసుకున్నాడు. కాలరక్కకి పేరు వచ్చిందీ అలాగే. పనిలో చేరిన నాటి నుంచి ఆవిడ కాలర్ల మిషన్ వదల్లేదు. కుట్టడం, తిరగేయడం, సన్నటి పుల్లతో మొన పొడుచుకొచ్చేలా నెట్టడం, పక్కకి విసరడం. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే నోరు రంపం పాట ఎత్తుకునేది. పక్క మిషన్ మీద గుండీలు కుట్టే స్నేహితురాలు రెండో చరణం అందుకునేది. ఆమెని అందరూ గుండీ అనే పిలిచేవారు.

రంపం పాటల్లో తాళం పాట వేరు. అది వాళ్ళకి వట్టి పాట కాదు.

ఆ రోజుల్లో హాలు వెనక తలుపుకి యజమాని తాళం వేయించేవాడు. ఆడవాళ్ళు చొక్కాలు ఎత్తుకుపోతారని అతని అనుమానం. ఒక మధ్యాహ్నం ఇస్త్రీ బల్ల దగ్గర వైరు కాలి, గుడ్డముక్కల కుప్ప అంటుకుంది. వెనక కూర్చున్నవాళ్ళంతా వెనక తలుపు మీద పడ్డారు. అది కదల్లేదు. మళ్ళీ ముందు తలుపు దాకా పొగలోంచి రావాలి. మిగతా అందరూ వచ్చారు గానీ గుండీ మధ్యలో పడిపోయింది. కాలరక్క ఆమెని చంకల కింద పట్టి ఈడ్చుకొచ్చింది. ప్రాణం దక్కింది. ఊపిరితిత్తులు మాత్రం మునుపటిలా కాలేదు.

హాలు కడిగి, గోడలకి సున్నం వేసి, మిషన్లు మళ్ళీ తిప్పిన రోజున చూస్తే వెనక తలుపుకి అదే తాళం!

అప్పుడు వాళ్ళు గేటు ముందు కూర్చున్నారు. వారం దాటినా లేవలేదు. ఉపన్యాసాలు ఎవరికీ రావు, వచ్చిందల్లా రంపం పాట.

"తాళం నీదే కావచ్చు, తలుపు మాత్రం మాది
తెరిచేదాకా తడతాం, తెరవకుంటే పెరుకుతాం"

ఇనప గేటు మీద అరచేతులతో కొడుతూ పాడి పాడి గొంతులు పోయాయి. చివరికి యజమానే వచ్చి తాళం తీయించాడు. అప్పటినుంచి కాలరక్క దృష్టిలో రంపం సగం మనిషి, సగం దేవుడు.

అలాంటి రంపం ఇన్నేళ్ళకి దగ్గర్లోని స్టేడియంలో పాడతాడని పోస్టర్లు పడ్డాయి. ఆవిడ భర్త బస్సు డ్రైవరు. ఆ సాయంత్రం అతనికి డ్యూటీ. కాబట్టి తోడుగా ఆడపడుచుని బతిమాలుకుంది. ఆడపడుచు కంటి ఆసుపత్రిలో రిసెప్షన్‌లో పని చేస్తుంది. రోజంతా ఓర్పుగా మాట్లాడీ మాట్లాడీ బయటికొచ్చాక ఎవరినీ లెక్కచేయదు.

"గొంతులో ఎముక ఇరుక్కున్నవాడిలా అరుస్తాడు. వాడి కోసం నువ్వు పడి చావడమేంటి వదినా?" అంది.

"నువ్వు రా. నేరుగా వింటే నీకే తెలుస్తుంది."

గుండీ మాత్రం రాలేనంది. నాలుగు మెట్లెక్కితే ఆగి ఊపిరి వెతుక్కునే మనిషి. ఆ జనంలో నిలవలేదు. "తాళం పాట మొదలవగానే ఫోన్ చెయ్యవే. అదొక్కటీ వింటే చాలు నాకు," అంది.

స్టేడియం గేటు దగ్గరే కాలరక్కకి చిరాకు మొదలైంది. సంచిలోంచి మంచినీళ్ళ సీసా లాక్కుని డబ్బాలో పడేశారు. దానికి బదులుగా అన్నట్టు తలా ఒక పసుప్పచ్చ టోపీ ఇచ్చారు. టోపీ మీద ఏదో తాళాల కంపెనీ గుర్తు. ఆడపడుచు సరదాగా తలకి తగిలించుకుంది. కాలరక్క తన టోపీని సంచిలోకి కుక్కింది.

లోపల వేదికకి ఆనుకుని సోఫాలు వేశారు. అక్కడ కూర్చున్నవాళ్ళంతా తాళాల కంపెనీ డీలర్లట, ఉచితంగా పిలిచారట. వాళ్ళకీ మిగతా జనానికీ మధ్య ఛాతీ ఎత్తు రేకుల కంచె. రంపం కోసం ఎండలో వరుస కట్టినవాళ్ళు కంచెకి ఇవతల, రంపం ఎవరో తెలియనివాళ్ళు అవతల. పాట సాగుతుంటే ఆ సోఫాల్లో సగంమంది వేదికకి వీపు పెట్టి కబుర్లాడుకుంటున్నారు.

"అక్కడ పెళ్ళిచూపులేమైనా జరుగుతున్నాయా?" అంది ఆడపడుచు.

అయినా రంపం పాడుతున్నంతసేపూ కాలరక్క అన్నీ మరిచిపోయింది. ప్రతి పాటా అతనితో పాటు పాడింది. ఒకటి రెండు చోట్ల అతను మాట మరిచిపోతే, తను మరిచిపోకుండా పాడేసి నవ్వుకుంది. ఆడపడుచు కూడా ఒకసారి పాదంతో తాళం వేస్తూ దొరికిపోయి, కాలు లోపలికి లాక్కుంది.

అంతలో దీపాలన్నీ ఆరిపోయాయి. డ్రమ్ము మీద మూడు దెబ్బలు పడ్డాయి, ఎవరో తలుపు తట్టినట్టు. కాలరక్కకి ఒళ్ళు జలదరించింది. గబగబా గుండీకి ఫోన్ కలిపింది.

"వస్తోందే, వస్తోంది! విను!" అని ఫోన్ చేతనైనంత ఎత్తుకి పట్టుకుంది.

వేదిక వెనక తెర మీద ఇంతెత్తు తాళం బొమ్మ వెలిగింది. రంపం భుజాన రోకలంత తాళంచెవి పెట్టుకుని ముందుకొచ్చాడు. "నా పాత పాటకి కొత్త ప్రాణం! రేపటినుంచి మీ ఇంట్లో టీవీల్లో! ముందుగా మీకోసం!" అని అరిచి ఎత్తుకున్నాడు.

"తాళం మాదే కాబట్టి, తలుపు భద్రం నీది
ఎవరు తట్టినా తెరవదు, ఎవరు పెరికినా ఊడదు"

మొదటిసారి తను సరిగ్గా వినలేదనుకుంది కాలరక్క. పల్లవి రెండోసారి తిరిగొచ్చింది. అవే మాటలు. సోఫాల్లో ఇందాకటిదాకా వీపు పెట్టినవాళ్ళంతా ఇప్పుడు ఇటు తిరిగి లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

"వదినా, ఇది తాళాల ప్రకటన కదూ?" అంది ఆడపడుచు అయోమయంగా. "ఇదేనా నువ్వు చెప్పిన పాట?"

ఎత్తిన చేతిలో ఫోన్ ఉందని కాలరక్కకి అప్పుడు గుర్తొచ్చింది. చెవి దగ్గర పెట్టుకుంది. అవతల నుంచి గుండీ ఊపిరి గరగరా వినిపిస్తోంది.

"వాడేంటే... అలా పాడుతున్నాడు?" అంది గుండీ.

"ఏమోనే. నాకూ..."

"పెట్టెయ్యవే ఫోను. పెట్టెయ్యి."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో కాలరక్కకి ఆ క్షణంలో తెలిసింది. కుర్చీ ఎక్కి నిలబడింది. గేటు ముందు కూర్చున్న రోజుల్లో ఎలా పాడిందో అలాగే, గొంతు చించుకుని అసలు మాటలు అందుకుంది. "తెరిచేదాకా తడతాం, తెరవకుంటే పెరుకుతాం!"

వెనకనుంచి ఒకాయన, "అమ్మా, కూర్చో, నా వీడియోలో నువ్వే పడుతున్నావు," అన్నాడు. దూరంగా నెరిసిన జుట్టుగల ఇద్దరు ముగ్గురు ఆవిడతో గొంతు కలిపారు. కానీ వేదిక మీది స్పీకర్ల ముందు వాళ్ళ గొంతులు ఎంత? ఆ స్పీకర్లే వీటిని మింగేశాయి. దాంతో ఆవిడ కుర్చీ దిగి, జనాన్ని తోసుకుంటూ కంచె దాకా వెళ్ళి రెండు చేతులతో ఆ రేకుల్ని బాదడం మొదలుపెట్టింది. దడదడమని మోగాయి. సోఫాల్లోని వాళ్ళు ఉలిక్కిపడి చూశారు. వెనకే పరిగెత్తుకొచ్చిన ఆడపడుచు ఆవిడని ఆపడానికే వచ్చింది. కానీ కంచె మీంచి ఒక డీలరు వంగి, "పిచ్చిదాన్ని ఎవరు రానిచ్చారు?" అనేసరికి, తనూ ఒక రేకు ఎంచుకుని దబదబా బాదింది.

"పిచ్చిదెవరు? పాట వినడం రానివాడివి నువ్వు!"

యూనిఫాం వేసుకున్న సెక్యూరిటీ ఆవిడ వచ్చి ఇద్దరి మోచేతులూ పట్టుకుంది. "పదండక్కా, నా డ్యూటీ నన్ను చేసుకోనివ్వండి," అని, మెయిన్ గేటు దూరమని, వేదిక వెనకనుంచి పక్క గేటు వైపు నడిపించింది. ఆ గేటు బయట బ్యాండువాళ్ళ వ్యాన్లు ఆగి ఉన్నాయి. గేటు బయట వాళ్ళని వదిలి ఆమె వెనక్కి వెళ్ళిపోయింది.

"ఇంటికి పోదాం వదినా. చేతులు చూడు, కందిపోయాయి."

"పోను. వాడు ఇటే రావాలి కదా."

ఆడపడుచు గట్టు మీద కూర్చుని చెప్పులు విప్పి పాదాలు నొక్కుకుంది. లోపల ఇంకో రెండు పాటలు సాగాయి. ఒకటి కాలరక్కకి ప్రాణమైన పాటే. అయినా ఆవిడ పెదవి కదపలేదు.

చివరికి రంపం వచ్చాడు. మెడలో తువ్వాలు, మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. వేదిక మీద కనిపించినంత ఎత్తు లేడు. గేటు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళని చూడగానే అలవాటుగా నవ్వు ముఖం పెట్టి, కాలరక్క పక్కన వచ్చి నిలబడి, భుజం మీద చెయ్యి వేయబోయాడు.

"ఫొటోనా అమ్మా? త్వరగా కానీ."

"ఫొటో వద్దు," అని ఆవిడ పక్కకి జరిగింది. "ఆ పాటని అలా ఎందుకు చేశారు?"

"ఏ పాట?"

"ఏ పాటని అడుగుతున్నారా? తాళం పాట!"

"అదా! బాగా పేలింది కదూ?"

కాలరక్క చెప్పింది. వెనక తలుపు, పొగ, గుండీ, గేటు. ఎన్నో ఏళ్ళుగా ఇతను కనబడితే చెప్పాలని ఎంతో అందంగా దాచుకున్న కథ. ఇప్పుడు నాలుగు ముక్కల్లో, తిట్టినట్టుగా చెప్పాల్సి వచ్చింది. రంపం నవ్వు ఆగింది. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"అయ్యో. నాకివన్నీ తెలీదమ్మా. నిజం చెప్పాలంటే ఆ పాట మీలాంటివాళ్ళ గురించి రాయలేదు. అప్పట్లో అద్దె బాకీ పడ్డానని ఇంటివాడు నా గదికి తాళం వేశాడు. నా గిటారు లోపలుండిపోయింది. ఆ కోపంలో రాశాను."

"గిటారు కోసమా?" అంది ఆడపడుచు.

"గిటారు కోసమే."

సగం దేవుడనుకున్నవాడు ఆ ముక్కతో పూర్తిగా మనిషైపోయాడు. దానికి కాలరక్కకి బాధ కలగలేదు. ఇంకా కోపమే వచ్చింది.

"సరే. గిటారు లోపలుండిపోతేనే మీకంత కోపమొచ్చింది. మాకు మనుషులు లోపలుండిపోయారు. ఇందాక విన్నారుగా? ఇప్పుడేది మీ కోపం?"

"వయసు మీద పడిందమ్మా. నన్ను నమ్ముకుని బ్యాండులో ఇంతమంది ఉన్నారు. ఇన్నేళ్ళలో ఆ పాట పాడమని ఒక్కరూ అడగలేదు. రేపటినుంచి పసిపిల్లలు కూడా పాడతారు."

"వాళ్ళు పాడేది ఆ పాట కాదు. తాళాల్ని పొగడాలనుంటే కొత్తగా రాసుకోవాల్సింది. మీకు రాయడం రాదా? మా నోట్లో ఉన్నదాన్ని లాక్కెళ్ళి వాళ్ళకెందుకిచ్చారు?"

"మీ నోట్లోది ఏంటమ్మా?" రంపం గొంతు కాస్త గట్టిపడింది. "నా పాట. నేను రాశాను, నేను పాడాను, నా ఇష్టం."

"మీరు పాడారు. మేం దాంతో తలుపు తీయించాం."

వ్యాన్ దగ్గరున్న మనిషి టైమైందని తొందరపెట్టాడు. రంపం జేబులోంచి పెన్ను తీసి, ఆడపడుచు తల మీది పసుప్పచ్చ టోపీ అందుకుని, దాని మీద సంతకం గీకి కాలరక్క చేతికివ్వబోయాడు. గొడవ అయిపోయిందన్నట్టు. ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆడపడుచు ఆ టోపీ తీసుకుని వ్యాన్ మెట్టు మీద పెట్టింది.

"మీరే ఉంచుకోండి. జుట్టు రంగు కారుతోంది, తుడుచుకోవడానికి పనికొస్తుంది."

వ్యాన్ తలుపు ధడాలున మూసుకుంది.

మర్నాడు పొద్దున్నే కాలరక్క గుండీ ఇంటికెళ్ళింది. గుండీ మంచం మీద గోడకానుకుని కూర్చుని అంతా వింది. గిటారు సంగతి వచ్చేసరికి నవ్వాపుకోలేక దగ్గుతో గిలగిల్లాడింది. కాలరక్క వీపు రాస్తూ కూర్చుంది.

"నవ్వెలా వస్తోందే నీకు? నాకు రాత్రంతా నిద్ర లేదు."

"వాడు గిటారు కోసం రాస్తే నాకేం, గాడిద కోసం రాస్తే నాకేం?" అంది గుండీ ఊపిరి కూడదీసుకుంటూ. "కానీ నాకు ఒకటే మంట. నన్ను ఫోన్‌లో ఉంచి వినిపించావు చూడు, అది."

"నాకు తెలుసా ఏంటి?"

"నీకు తెలీదులే. వాడికి తెలిసింది కదా ఇప్పుడు. తెలిశాక కూడా పాడతాడా?"

పాడాడు. ఆ రోజునుంచే టీవీలో వచ్చింది, బస్సుల్లో వచ్చింది, కంటి ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో కూడా వచ్చింది. అక్కడ మాత్రం ఆడపడుచు ప్రతిసారీ రిమోట్ నొక్కి గొంతు మూసేస్తోంది. ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె కఫ్‌లు కుడుతూ ఆ మాటలే కూనిరాగం తీసింది. కాలరక్క మిషన్ ఆపి లేచి వెళ్ళింది. తిడుతుందేమోనని ఆ పిల్ల బిక్కమొహం వేసింది.

"అది తప్పు. ఇలా పాడు," అని కాలరక్క పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. సూపర్‌వైజరు అవతలనుంచి అరుస్తున్నా లేవలేదు.