ముత్తాత పేరు చెప్పండి

ఆ వారంలో జ్ఞానమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. ఎవరివల్ల అని అడిగితే క్షణం ఆలోచించకుండా చెప్పేది, మూడేళ్ళ కిందట పోయిన శౌరి తాతవల్లనని. నాపరాళ్ళ క్వారీలో పొద్దంతా గునపం వేసి, ఒళ్ళంతా రాతిదుమ్ముతో ఇంటికొచ్చి, తలగుడ్డ చెంగున కట్టుకొచ్చిన వేయించిన శనగలు మనవరాలి ఒళ్ళో పోసి, ఆమె తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుని చూసిన తాత. ఆయనంటే ఆమెకు ప్రాణం. అంతటి తాత ఎన్ని కబుర్లు చెప్పాడో లెక్కలేదు గానీ, కన్నతండ్రి పేరు మాత్రం ఇంట్లో ఇద్దరికి ఒక్కలా చెప్పి చావలేదు.

ఆ పేరుతో ఇప్పుడు పనేమొచ్చిందంటే, తమ్ముడు పేతురు పెళ్ళి. పేతురు పట్టాళంలో సిపాయి. బర్మా వైపు యుద్ధం ముదురుతోందని చెప్పుకుంటున్న రోజుల్లో మూడు వారాల సెలవు దొరికించుకుని వచ్చాడు. పిల్ల ఎప్పుడో అనుకున్నదే. శౌరి తాత చెల్లెలు రోశమ్మవ్వకు కొడుకు కూతురు, పేరు ప్రేమమ్మ. వరసకు మరదలు, రెండు ఇళ్ళకూ ఇష్టం, గుళ్ళో పెళ్ళి చాటింపులు కూడా అయిపోయాయి. వచ్చే వారమే విభూది బుధవారం. అప్పట్నుంచి ఉపవాస దినాలు, పాస్కా పండుగ, అదే ఈస్టరు, దాకా గుళ్ళో పెళ్ళిళ్ళు జరగవు. ఆ శుక్రవారంతో పేతురు సెలవు సరి. కాబట్టి మంగళవారం దాటకుండా పెళ్ళి జరగాలి. జరగలేదా, కుర్రాడు మళ్ళీ ఎప్పుడొస్తాడో, అసలు వస్తాడో రాడో ఎవరూ చెప్పలేరు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనడం లేదు గానీ వాళ్ళమ్మ పొయ్యి దగ్గర కూర్చుని పొగ లేకపోయినా కళ్ళు తుడుచుకుంటోంది.

అన్నీ కుదిరాక గుడి ఫాదరీ స్వాములవారు అడ్డుపుల్ల వేశారు. పాత స్వాములవారైతే ఊళ్ళో ఎవరు ఎవరికి ఏమవుతారో కళ్ళు మూసుకుని చెప్పేవారు. ఈయన క్రిస్మస్‌కు బదిలీ మీద వచ్చిన మనిషి, నిక్కచ్చి మనిషి. పిల్ల నాయనమ్మా పిల్లవాడి తాతా అన్నాచెల్లెళ్ళని మాటవరసకు తెలిసేసరికి పెన్ను కింద పెట్టేశారు. రక్తసంబంధం మూడో తరంలో ఉంటే గుంటూరు బిషప్పుగారి మినహాయింపు కాగితం లేనిదే పెళ్ళి చేయకూడదట. కాగితం కావాలంటే అర్జీతో పాటు ముత్తాత దగ్గర్నుంచి వంశం అంతా గీసి పంపాలట. పోనీ గుడి పుస్తకంలో ఉంటుంది కదా అంటే, ఆ కాలపు జ్ఞానస్నానాల పుస్తకాన్ని చెదలు తినేశాయి. ఇంటి పెద్దలే చెప్పి వేలిముద్ర వేయాలి.

వంశం గీసే పని ఎవరిమీద పడుతుంది? బడిపంతులమ్మ కాబట్టి జ్ఞానమ్మ మీదే పడింది. పొద్దుటినుంచి అరవైమంది పిల్లలతో అరిచి గొంతు పోయి ఇంటికొచ్చిన మనిషి, అట్ట మీద తెల్లకాగితం పరుచుకుని అందరికంటే పైన రాయాల్సిన పేరు దగ్గరే ఆగిపోయింది. ఆమెకు తెలిసి ముత్తాత పేరు ఎల్లయ్య. తాత తన నోటితో చెప్పాడు, ఒకసారి కాదు వందసార్లు. పేతురు ఒప్పుకోలేదు. తనకూ తాతే చెప్పాడట, పెదకోటయ్య అని. ఎల్లయ్య ఎవరో తాను విననే లేదట. ఇద్దరూ మాటా మాటా అనుకుని చివరికి వాళ్ళ నాయన ఇన్నయ్యను పట్టుకున్నారు. ఆయన చుట్ట ఆర్పి, మళ్ళీ వెలిగించి, నాలుగు దమ్ములు లాగి నింపాదిగా సెలవిచ్చాడు.

“ఎవురైతే ఏందిరా, ఇద్దరూ పోయినోళ్ళేగా.”

జ్ఞానమ్మకు చిర్రెత్తుకొచ్చింది. శౌరి తాత కన్నకొడుక్కే తన తాత పేరు తెలియకపోవడం ఒక ఎత్తు, తెలియదని సిగ్గన్నా లేకపోవడం ఇంకో ఎత్తు. నాయనమ్మ ఉన్న రోజుల్లో అడిగివుంటే బాగుండేదని వాళ్ళమ్మ నసిగింది. నాయనమ్మను అడిగితే ఏమి ఒరిగేది? మొగుడి పేరు పలకమంటేనే నాలుక కరుచుకుని, యాభై ఏళ్ళు ‘క్వారీకి పోయినాయన’ అని నెట్టుకొచ్చిన మనిషి, మామగారి పేరు పలుకుతుందా? తన బడిలో ఏ పిల్లవాడైనా లేచి “మా తాత చెప్పాడండీ” అంటే జ్ఞానమ్మ బెత్తం బల్లమీద కొట్టి, మీ తాత చెబితే సరిపోదు, రుజువేదని నిలదీసేది. ఇప్పుడు ఆ బెత్తం తన వీపుకే తగులుతోంది.

మిగిలింది రోశమ్మవ్వ ఒక్కతే. డెబ్బై దాటిన మనిషి, పొరుగూళ్ళో కొడుకు దగ్గర ఉంటుంది. మర్నాడు బడి కాగానే జ్ఞానమ్మ అట్టా కాగితమూ సిరాబుడ్డీ సంచిలో వేసుకుని, రెండు మైళ్ళు చేలగట్ల మీద పడి నడిచింది. దారి పొడుగునా తాతను తిట్టుకుంటూనే ఉంది. మిరపచేలో కాయ కోస్తున్న ఆడవాళ్ళు పలకరిస్తే జవాబు కూడా సరిగ్గా చెప్పలేదు.

రోశమ్మవ్వ వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. మీ నాయన పేరు ఎల్లయ్యా, పెదకోటయ్యా అని జ్ఞానమ్మ మంచినీళ్ళైనా అడగకుండా సూటిగా అడిగేసింది. ముసలామె చేట ఆపి, ఇంట్లోకి తొంగిచూసి, కోడలు దొడ్డివైపు ఉందని చూసుకుని, తాపీగా చెప్పింది.

“ఇద్దరూను.”

జ్ఞానమ్మ నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. ఈ ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు ముక్కుసూటిగా సమాధానం చెప్పరా అని గట్టిగానే విసుక్కుంది. ముసలామె ఆ విసుగు పట్టించుకోలేదు. తన చిన్ననాటి ధాత కరువు సంగతి ఎత్తుకుంది.

ఆ ఏడు నూజెండ్ల వైపు నుంచి జనం పిల్లాజెల్లా కట్టగట్టుకుని కృష్ణ ఒడ్డుకు నడిచారు. శౌరికి అప్పుడు పదేళ్ళు. వాళ్ళ నాయన ఎల్లయ్య దారిలోనే పడిపోయాడు. ఇంకో మనిషి, పెదకోటయ్య అని, నాలుగేళ్ళ ఆడపిల్లను చంకనేసుకుని అదే గుంపులో నడిచేవాడు. మూడురోజుల తరవాత ఆయనా లేవలేదు. ఆ పిల్ల ఏడుస్తూ, ముందు నడుస్తున్న శౌరి గోచీ కొంగు పట్టుకుంది. కుర్రాడు విదిలించుకోలేదు. గంజి పోసే చోట గుమాస్తా ఒకడు కూర్చుని, దిక్కులేని పిల్లల్లో మగపిల్లల్ని ఒక బండీ ఆడపిల్లల్ని ఒక బండీ ఎక్కించి వేరు వేరు ఊళ్ళకు పంపుతున్నాడు. తోడబుట్టినవాళ్ళయితే మాత్రం విడదీయడం లేదు.

“ఈ పిల్ల ఎవురురా అన్నాడంట గుమాస్తా. నా చెల్లెలు అన్నాడు మా అన్న. తండ్రి పేరేంది అంటే ఎల్లయ్య అన్నాడు. అంతేనే. వాళ్ళ నాయన్ని నాకిచ్చాడు. మళ్ళా మా నాయన పేరు యాడ మాసిపోద్దోనని, మనవరాలికి ఎల్లయ్యని చెప్పేవోడు, మనవడికి పెదకోటయ్యని చెప్పేవోడు. ఇద్దర్నీ మోశాడు.”

జ్ఞానమ్మకు ఆ తాత చేతి శనగల రుచి గుర్తొచ్చింది. పదేళ్ళ పిల్లవాడు, కడుపులో గంజి కూడా లేనివాడు, ఎవరో పిల్లకు తండ్రిని పంచి ఇచ్చాడు. అయితే ఆమె బుర్ర బడిపంతులమ్మ బుర్ర. కళ్ళు తుడుచుకునేలోపే లెక్క తేలిపోయింది. రక్తసంబంధమే లేనప్పుడు మినహాయింపు ఎందుకు? బిషప్పుగారెందుకు? శౌరి తన తోడబుట్టినవాడు కాదని అవ్వ ఒక్క వేలిముద్ర వేస్తే, సోమవారానికి పెళ్ళి అయిపోతుంది. ఆ మాట గబగబా చెప్పేసి, సంచిలోంచి కాగితం తీసి, సిరాబుడ్డి మూత కూడా విప్పింది.

రోశమ్మవ్వ రెండు చేతులూ చీర చెంగు కింద దాచుకుంది.

జ్ఞానమ్మ బతిమాలింది. స్వాములవారికి తప్ప ఎవరికీ తెలియనివ్వనని చెప్పింది. పేతురు సెలవు గురించి చెప్పింది, యుద్ధం గురించి చెప్పింది. మనవరాలి పెళ్ళి చేతులారా చెడగొడతావా అని కోప్పడింది. కొత్తగా వచ్చిన స్వాములవారినీ, చెదలనూ, చుట్ట కాలుస్తూ కూర్చున్న నాయననూ వరసగా తిట్టింది. చివరికి, ఇంత మొండితనం మా వంశంలో లేదు, నువ్వు నిజంగానే మా తాత చెల్లెలివి కావని నోరు జారింది. అన్న మరుక్షణం నాలుక కొరుక్కుంది.

ముసలామె కోపగించుకోలేదు. చేటలోని కందులకేసి చూస్తూ చెప్పింది.

“కానుపులన్నిటికీ ఆ ఇంటికే పోయినా. ఏటా పండక్కి మా అన్న చీర పట్టుకుని నడిచొచ్చేవోడు, కూలి దొరకని ఏడు కూడా వచ్చాడు. నా పెనిమిటి కొట్టినప్పుడు గునపం భుజాన ఏసుకుని అడగను వచ్చింది ఆయనే. అది నా పుట్టిల్లే. నా మనవరాల్ని పుట్టింటికి ఇచ్చుకుంటుండా. ఇప్పుడు నేనెవురో, ఆయనెవురో అని ముద్రేస్తే, నాకు పుట్టిల్లు యాడుందే? పెళ్ళి ఆగితే ఆగనీ. నేను ఎయ్యను.”

కోడలు దొడ్డిలోంచి వచ్చేసింది. ఇక ఆ మాట ఎత్తడానికి లేదు. జ్ఞానమ్మకు ఒళ్ళు మండిపోతోంది. ఎవరిమీద మండాలో తెలియక మండిపోతోంది. అవ్వ మాటలో ఒక్కటీ కాదనడానికి లేదు, అదే అన్నిటికంటే పెద్ద విసుగు. అట్ట మోకాళ్ళమీద పెట్టుకుంది. రెండు పెట్టెలు గీసి ఒకదాంట్లో శౌరి అని, ఇంకోదాంట్లో రోశమ్మ అని రాసి, రెంటినీ కలుపుతూ పైకి గీత లాగింది. పైన పేరు రాయాల్సిన చోట కలం ఆగింది. ఎల్లయ్య అని రాస్తే పెదకోటయ్య పోతాడు. పెదకోటయ్య అని రాస్తే, కొడుక్కే తండ్రి లేకుండా పోతాడు. ఇద్దర్నీ రాస్తే కాగితమే చెల్లదు. ఒకే మనిషికి రెండు పేర్లుంటే పొలం దస్తావేజుల్లో కరణాలు రాసే మాట ఒకటి గుర్తొచ్చింది. పెదవి కొరుక్కుని రాసేసింది: ఎల్లయ్య ఉరఫ్ పెదకోటయ్య.

ఏం రాశావని అవ్వ అడిగింది. జ్ఞానమ్మ ఆమె వేలు పట్టుకుని, ఇది నువ్వు, ఇది మీ అన్న, ఇది మీ నాయన, రెండు పేర్లూ ఉన్నాయని ఒక్కొక్కటే చూపించింది. ముసలామె రెండు పెట్టెలనూ కలిపే గీత మీద వేలు అటూ ఇటూ పోనిచ్చింది. తరవాత అడక్కుండానే ఎడమచేతి బొటనవేలు సిరాబుడ్డి మూతకంటిన సిరాలో అద్ది, కాగితం కింద గట్టిగా నొక్కింది.

ఆ సాయంత్రమే జ్ఞానమ్మ స్వాములవారి చేత అర్జీ రాయించుకుంది. టపాలో వేస్తే రెండు వారాలు పడుతుందన్నారాయన. వేయనని చెప్పి, బడికి సెలవు పెట్టి, మర్నాడు మాచర్ల నుంచి వచ్చే రైలుబండి ఎక్కింది. బండి నిండా సిపాయిలు. సత్తెనపల్లి దాకా నిలబడే ఉంది. అక్కరలేని అనుమతి కోసం ఇంత దూరం వెళుతున్న మనిషి ఈ జిల్లా మొత్తంలో తానొక్కతే అయివుంటుందని తిట్టుకుంటూ గుంటూరు చేరింది. బిషప్పుగారి కచేరీ వసారాలో శుక్రవారం కూర్చుంది, శనివారం కూర్చుంది. సోమవారం పది గంటలకు గుమాస్తా పిలిచాడు.

ఆయన కళ్ళజోడు సర్దుకుని కాగితం కిందనుంచి పైకి చదివాడు. పైన పేరు దగ్గర ఆగాడు. ఉరఫ్ ఏమిటమ్మా అని అడిగాడు. ఊళ్ళో ఒక మనిషికి రెండు పేర్లుండటం వింత కాదు గానీ, ఎల్లయ్యకూ పెదకోటయ్యకూ పొంతనే లేదే అన్నాడు. ఇద్దరూ ఒకే మనిషని రుజువేమైనా ఉందా అని అడిగాడు. బల్లమీద రబ్బరు ముద్రా, ముద్ర పక్కన సిరా దిండూ ఉన్నాయి. సాయంత్రం బండి నాలుగింటికి.

జ్ఞానమ్మ పన్నెండేళ్ళుగా పిల్లల్ని ఏ మాటకు నిలబెట్టేదో, ఆ మాటే అంది.

“ఒకే మనిషండీ. మా తాత చెప్పాడు.”

గుమాస్తా ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, ముద్ర అందుకున్నాడు.