గుడ్డు పెట్టిన కోడి అరవకూడదు

పొద్దున తొమ్మిదింటికల్లా సావెత తెల్లకోడిని గోనెసంచిలో వేసుకుని వచ్చేసింది. ఆమె రఫీలాకు ఆడపడుచు, వయసులో ఆరేళ్ళు చిన్న. పట్నంలో కొన్న పది తెల్లకోళ్ళలో తొమ్మిది నక్కల పాలూ జబ్బుల పాలూ అయ్యాయి. మిగిలిన ఒక్కదాన్నీ వదిన కొట్టంలో వదిలేసి, బదులుగా ఆమె పెంచే, మెడమీద ఈకల్లేని బోసిమెడ కోళ్ళలో ఒకదాన్ని పట్టుకుపోవాలని ఆమె ఆలోచన.

"ఇన్నాళ్ళూ వీటిని రాబందు పిల్లలన్నావు," అంది రఫీలా కొట్టం తలుపు తీస్తూ. "టర్కీకోడికీ మామూలు కోడికీ పుట్టాయన్నావు. క్రిస్మస్ నాడు మా ఇంట్లో తిని కూర్చుని, పాపం వీటి మెడలకి మఫ్లర్లు అల్లు వదినా అన్నావు."

"అన్నాను. చూడ్డానికి ఇప్పటికీ అసహ్యంగానే ఉన్నాయి. కానీ మంచు పడుతుంటే గుడ్లు పెట్టేవి నీ కోళ్ళేగా. జనవరి నెలంతా గిన్నె పట్టుకుని నీ గుమ్మంలో నిలబడ్డం నాకు మాత్రం బాగుంటుందా?"

రఫీలా నవ్వి ఆమెను లోపలికి రమ్మంది. రఫీలాకున్న కోళ్ళు పదకొండు, పుంజు ఒకటి. ఒంటినిండా ఈకలే, మెడ దగ్గర మాత్రం ఎర్రటి తోలు. మనిషిని చూసి బెదరవు. ఎత్తుకుంటే చంకలో అలాగే సర్దుకు కూర్చుంటాయి. వారానికి నాలుగేసి లేతగోధుమరంగు గుడ్లు పెడతాయి, ఈకలు రాల్చే రోజుల్లో తప్ప మానవు. వాటిల్లో పెద్దది, రఫీలా దొరసాని అని పిలిచేది, దానికొక్కటే చెడ్డ అలవాటు. గుడ్డు పెట్టిందంటే పావుగంట సేపు ఊరంతటికీ చాటుతుంది.

ఆ అరుపు కోసమే ఇంట్లో రఫీలా మొగుడు గ్లిగోర్ రోజూ కాచుకుని ఉంటాడు. అతనికి చెవులు సరిగ్గా వినపడవు, వసంతంలో తుంటి ఆపరేషనైంది. అయినా దొరసాని కేక మాత్రం వంటింట్లోకి వినిపిస్తుంది. వెంటనే చేతికర్రా చిన్న గిన్నే పట్టుకుని, వేడివేడి పచ్చిగుడ్డు తాగడానికి పెరట్లోకి బయల్దేరతాడు.

"అదిగో, దొరసాని గుడ్డు పెట్టడానికి గూట్లో కూర్చుంది," అంది రఫీలా. "అది దిగాక నీకు నచ్చినదాన్ని పట్టుకో."

అప్పుడే బయట పుంజు గొంతులోంచి సన్నగా, పొడుగ్గా ఒక కూత వచ్చింది. పెరట్లో తిరుగుతున్న కోళ్ళు అరవకుండా, తోసుకోకుండా, కింది కంతలోంచి ఒకదాని వెనక ఒకటి లోపలికొచ్చి గోడవార నిలబడ్డాయి. గద్ద కాబోలనుకుని రఫీలా గోడ చెక్కపలకల సందులోంచి చూసింది.

ఎలుగుబంటి. సారా కాయడానికి ప్లమ్ పళ్ళు పులియబెట్టిన పీపా మీదకి వంగి ఉంది. కొట్టానికి ఇరవై అడుగుల దూరం. అది ఉన్నది సరిగ్గా కొట్టానికీ ఇంటికీ మధ్య.

రఫీలా తలుపు లాగి కొక్కెం వేసింది. కొక్కెమంటే వంచిన మేకే.

"ఫోనేదీ?" సావెత పెదవులు మాత్రమే కదిలాయి.

"వంటింట్లో. నీదో?"

"ఇంట్లో చార్జింగ్ పెట్టొచ్చాను వదినా."

బయట పీపా మూత ఫెళ్ళుమని విరిగింది. రెండేళ్ళ కిందట పై ఊరి గొర్రెలకాపరిని ఎలుగు పట్టుకున్నప్పుడు, ఆసుపత్రికెళ్ళే బండిలో అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఆమే. అతని ముఖానికి కప్పిన తువ్వాలు ఎలా తడిసిందో ఇప్పుడు కళ్ళముందు కనిపిస్తోంది.

దొరసాని గూట్లో సగం లేచి నిలబడింది. వీపు వంచి, తోక దించింది.

"సావెతా, అది పెట్టేస్తోంది."

"పెడితే?"

"అరుస్తుంది. అరిస్తే మీ అన్నయ్య వస్తాడు."

సావెత గోనెసంచి మూతి బిగించి పట్టుకుంది.

గుడ్డు గడ్డిలోకి జారింది. దొరసాని దానివైపు ఒకసారి చూసి మెడ సాచింది. రఫీలా నడుముకి కట్టుకున్న ఏప్రన్‌ని దాని తలమీదుగా కప్పి, రెండు చేతులా ఎత్తి గుండెకి అదుముకుంది. ఆ బోసిమెడ ఆమె మణికట్టుకి వేడిగా తగులుతోంది. గొంతు ఒకసారి ఉబ్బింది. క్, అంది. మళ్ళీ క్, అంది. వేరే కోడైతే ఈపాటికి గోళ్ళతో చీరేసి ఎగిరిపోయేది. దొరసాని చీకటిలో కాళ్ళు ముడుచుకుని, బరువంతా ఆమె మీద వేసి ఊరుకుంది.

కానీ గోనెసంచిలో తెల్లకోడి ఊరుకోలేదు. అది ఎగిరెగిరి పడుతూ గట్టిగా కేకలు పెట్టింది. సావెత సంచిని కౌగిలించుకుని నేలమీద పడుకుంది. "చచ్చిపోవే, నోరు ముయ్యవే," అని గుసగుసగా తిడుతూనే ఉంది.

పీపా దగ్గర చప్పుడు ఆగిపోయింది.

అడుగులు వినపడలేదు. వాసన ముందొచ్చింది, తడి కంబళీలా, పులిసిన పళ్ళలా. వెనక గోడ పలకల అవతల ముక్కుతో బుస్సుబుస్సుమని పీలుస్తున్న చప్పుడు. ఒక పలక లోపలికి వంగింది. రఫీలా ఎదురు గోడకి వీపు ఆనించి నిలబడింది. ఆమె చెంప పక్కనే సందు. అందులోంచి వంటింటి తలుపు తెరుచుకోవడం కనిపించింది.

గ్లిగోర్. అరుపు వినిపించక, ఆలస్యమైందేమిటని తనంతట తనే గిన్నె పట్టుకుని వస్తున్నాడు. కాలు ఎక్కడ జారుతుందోనని నేలమీదే చూపు. కొట్టం వెనకున్నది అతనికి కనపడదు.

ఇంకో పదడుగులు వేస్తే కనపడుతుంది. అప్పుడు వెనక్కి పరుగెత్తడం ఆ తుంటితో అయ్యేపని కాదు.

రఫీలా సందుకి నోరు ఆనించి గట్టిగా అరిచింది.

"గ్లిగోర్, లోపలికి పో. ఎలుగుబంటి. తలుపేసుకో."

అతను ఆగి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంటి?"

"ఎలుగు, అన్నయ్యా, ఎలుగు," అని సావెత కూడా అరిచింది.

వెనక పలక విరిగింది. గోళ్ళతో సహా ఒక నల్లటి పంజా మోచేతిదాకా లోపలికొచ్చి గడ్డిని గీకింది. సావెత ఏమనుకుందో ఏమో, సంచి మూతి ఆ కంతవైపు తిప్పి విప్పేసింది. తెల్లకోడి గుండులా ఆ పంజా మీదుగా బయటికి ఎగిరి, అరుచుకుంటూ కంచెవైపు పోయింది. ఎలుగు పంజాని వెనక్కి లాక్కుంది. తోటలో కొమ్మలు విరుగుతున్న చప్పుడు వాలు దిగి దూరమైంది.

గ్లిగోర్ ఇప్పుడు చూశాడు. కొయ్యలా నిలబడిపోయి, తర్వాత ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ ఇంట్లోకి పోయి ఫోన్ చేశాడు.

పోలీసులు వచ్చేసరికి నలభై నిమిషాలైంది. ఇక బయటికి రావచ్చమ్మా అని వాళ్ళలో ఒక కుర్రాడు తలుపు తట్టినా రఫీలా కొక్కెం తియ్యలేదు.

"నువ్వెవరింటి అబ్బాయివి?" అని లోపలినుంచి అడిగింది.

అతను తండ్రి పేరూ, ఇంటి గుర్తూ చెప్పాకే తీసింది. దొరసాని ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది. చేతులు కొయ్యబారిపోయి విడవకపోతే సావెతే ఒక్కో వేలూ విప్పి కోడిని దింపింది. కంచె దగ్గర తెల్ల ఈకలు దొరికాయి, అంతే.

"అంతలా అరవాలా? నేను చూసేవాణ్ణేగా," అన్నాడు గ్లిగోర్ ఆ రాత్రి రొట్టె తింటూ. రఫీలా లేచి తలుపు గొళ్ళెం పడిందో లేదో మళ్ళీ చూసొచ్చింది.

ఆ తర్వాత పీపాని నేలమాళిగలోకి దించారు. కొట్టానికి మందపాటి పలకలు కొట్టారు. అయినా రఫీలా గడప దాటలేకపోయింది. అయిదు రోజులు సావెతే రెండుపూటలా వచ్చి కోళ్ళని చూసుకుంది, వేళాకోళం ఒక్కటీ ఆడలేదు. ఆరోరోజు ఆమెకి జ్వరమొచ్చింది.

"నేను వెళ్తాలే," అన్నాడు గ్లిగోర్ కర్ర అందుకుంటూ.

"నువ్వు కూర్చో."

రఫీలా పెద్ద సత్తుగిన్నే గరిటే తీసుకుంది. గుమ్మం దగ్గర చాలాసేపు తోటవైపు చూస్తూ నిలబడింది. తర్వాత, ఎలుగుంటే ఆ మోతకి తప్పుకుపోవాలని, గిన్నెని గరిటెతో బాదుకుంటూ, ఊరుకోకుండా బాదుకుంటూ, కొట్టందాకా నడిచింది. తలుపు తీస్తే కోళ్ళు ఆ మోతకి బెదరకుండా ఆమె బూట్ల చుట్టూ చేరాయి. నీళ్ళు పోసింది, గింజలు చల్లింది. వచ్చేటప్పుడు తోటకి వీపు చూపించకుండా, గిన్నె బాదుతూనే, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ ఇంట్లోకి వచ్చి గొళ్ళెం పెట్టుకుంది.